డ్రోన్‌కి మొదటిసారి బ్యాటరీ తగిలించే ముందు

ముందు ప్రొపెల్లర్లు విప్పేయండి. మోటార్లు ఏ వైపు తిరుగుతున్నాయో చూడ్డానికి అవి అక్కర్లేదు, మీ వేళ్లు మాత్రం మీకు కావాలి.

బ్యాటరీ పెట్టకుండానే ప్లస్, మైనస్ తీగల మధ్య మల్టీమీటర్‌ని కంటిన్యుటీ (బీప్) మోడ్‌లో పెట్టి ఆనించండి. బీప్ ఆగకుండా మోగుతుంటే షార్టే. టంకం చుక్క ఎక్కడైనా పక్క ప్యాడ్‌కి అంటుకుందేమో వెతకండి.

కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా వస్తోందని ఉబ్బిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ కొనకండి. ఛార్జింగ్ సెల్‌కి 4.2 వోల్టులు దాటకూడదు. హాస్టల్ మంచం మీద ఛార్జింగ్ పెట్టి మెస్‌కి వెళ్లడం అసలు వద్దు.

వీడియో ట్రాన్స్‌మిటర్‌కి యాంటెన్నా బిగించారా? బిగించాకే బ్యాటరీ పెట్టండి.

ఎగరేసేది బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫీల్డుల చుట్టుపక్కలైతే మరీ జాగ్రత్త. మీ గ్రౌండ్ ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూడండి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ లైసెన్సు అక్కర్లేకపోయినా, రెడ్ జోన్‌లో (డ్రోన్లు ఎగరేయకూడని చోట) అనుమతి లేకుండా లేపకూడదు.