నలభై దాటాక సంగీతం: సరళీ స్వరాల నుంచి రేడియో ఆడిషన్ దాకా

కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు నేను మొదలుపెట్టింది నలభై ఆరో ఏట. చాప మీద నా పక్కన కూర్చున్నవాళ్లంతా మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు. తాళం తప్పితే వాళ్లే నా చెయ్యి పట్టుకుని వేళ్లు లెక్కపెట్టించేవారు. ఇవాళ ఆకాశవాణిలో లలిత గీతాలు పాడుతున్నాను, పారితోషికం అందుకుంటున్నాను. ఈ వయసులో మొదలుపెట్టాలనుకునేవారికి నేను పడుతూ లేస్తూ నేర్చుకున్న దారి ఇది.

ముందు మీ శ్రుతి తేల్చుకోండి

ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని నెమ్మదిగా ఆధార షడ్జం, అంటే పాటంతటికీ ఆధారమైన ‘స’, పట్టండి. ఆ ‘స’ ఎత్తే మీ శ్రుతి. కిందికి మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) వినబడేలా పలకాలి, పైన తారస్థాయి గాంధారం (పై స్థాయి ‘గ’) మెడ నరాలు బిగించకుండా అందాలి. ఈ రెండూ కుదిరిన చోటే మీ శ్రుతి. హార్మోనియం మెట్ల లెక్కలో సాధారణంగా మగవాళ్లకు ఒకటి, రెండు మధ్య, ఆడవాళ్లకు నాలుగున్నర, ఆరు మధ్య కుదురుతుంది. ముట్లుడిగాక చాలామంది ఆడవాళ్ల గొంతు కాస్త కిందికి దిగుతుంది. చిన్నప్పుడు ఐదున్నరలో పాడినవారికి ఇప్పుడు నాలుగున్నర హాయిగా ఉండొచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

మొదటి ఆడిషన్‌లో నేను దెబ్బతిన్నది ఇక్కడే. నాలుగున్నర నా శ్రుతి అని తెలిసీ, పై శ్రుతిలో అయితే గొంతు మెరుస్తుందన్న ఆశతో ఐదున్నర పెట్టుకున్నాను. చరణంలో తారస్థాయికి వెళ్లేసరికి గొంతు చీలింది.

గురువు, రోజువారీ సాధన

పెద్దవాళ్లకు నేర్పిన అలవాటున్న గురువును వెతకండి. పద్ధతిగా పరీక్షలు రాయాలనుకుంటే ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. విజయవాడలో ఘంటసాల పేరిట, హైదరాబాద్ రాంకోఠిలో త్యాగరాజస్వామి పేరిట ఉన్నాయి. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా కళాశాల ఉంది, ఘంటసాల చదువుకున్నది అక్కడే. చేరే ముందు వయసు నిబంధనలు, సాయంత్రం తరగతుల సంగతి నేరుగా వెళ్లి కనుక్కోండి.

ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజూ నలభై నిమిషాలు మేలు. పొద్దున్నే పది నిమిషాలు మంద్రంలో అకారం. తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పలికే జంట స్వరాలు మూడు కాలాల్లో (వేగాల్లో), ఆపైన సప్త తాళ అలంకారాలు, అంటే ఏడు తాళాల్లో స్వర పాఠాలు. కీర్తనల మీదికి మనసు లాగుతుంది, లాగనివ్వండి కానీ తొందరపడకండి. కీర్తనలకు ముందు నేర్చుకునే వర్ణం దాకా రావడానికే నాకు రెండేళ్లు పట్టింది. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే కషాయాలతో సరిపెట్టకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి.

మీ పాట మీరే వినండి

ఫోన్‌ను మూరెడు దూరంలో పెట్టి ఒక పల్లవి రికార్డు చేసి వినండి. నా మొదటి రికార్డింగులో వినబడ్డవి ఇవి: ప్రతి పాదం ముందూ బుస్సుమని ఊపిరి, ‘పదము’ అన్నప్పుడల్లా ‘ప’ దగ్గర మైకు మీద గాలి దెబ్బ, ‘శ్యామ’ అనాల్సిన చోట ‘స్యామ’, ‘కరుణాలయ’ను ‘కరుణా’ దగ్గర తెంచి ఊపిరి తీసుకోవడం. శ్రుతి బాగానే ఉంది, మాట పాడైంది. పసివాళ్ల గొంతులో పలికే మెరుపు మనకు రాకపోవచ్చు. కానీ బతుకు చూసినవాళ్లం కాబట్టి సాహిత్యంలోని అర్థం మనకు త్వరగా అందుతుంది. అందుకే శషసలు, ళకారం, ఒత్తులు గట్టిగా సాధన చేయండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కాగితం మీద గీత పెట్టుకోండి.

ఆడిషన్

ఆకాశవాణిలో శాస్త్రీయ, లలిత, జానపద సంగీతాలకు ఆడిషన్ వేర్వేరు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం లలిత గీతాలకు పెట్టింది పేరు. సినిమా పాటలు లలిత సంగీతం కిందికి రావు కాబట్టి రేడియో గీతాలు, భావగీతాలు, పదాలు సిద్ధం చేసుకోండి. దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో దగ్గరి కేంద్రంలో అడగండి. నెగ్గితే గ్రేడు ఇస్తారు: బి, బి హై, ఎ, టాప్. గ్రేడును బట్టి పారితోషికం. దానితో ఇల్లు గడవదు, ఉద్యోగం మానకండి.

స్టూడియో తలుపు మూసుకున్నాక చెవులు దిబ్బడేసినంత నిశ్శబ్దం. తలూపేవాళ్లు లేరు, చప్పట్లు లేవు. ఇంట్లో తలుపులేసుకుని ఒంటరిగా, ఒకే టేక్‌లో పాడి అలవాటు చేసుకుంటే ఆ నిశ్శబ్దం భయపెట్టదు. పాట మధ్యలో ఆపి మరొకటి పాడమన్నా కంగారుపడకండి, వాళ్లకు వినాల్సింది వినబడిందన్నమాట.

రేడియో ఒక్కటే కాదు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలు, రికార్డింగు స్టూడియోల్లో కోరస్, ట్రాక్ (అసలు గాయకులకు నమూనాగా ముందే) పాడటం, గుళ్లలో ఉత్సవాల కచేరీలు, అన్నిటికీ గొంతులు కావాలి. మూడు నిమిషాలకు మించని రెండు పాటలు శుభ్రంగా రికార్డు చేసి దగ్గర పెట్టుకోండి. అవకాశం ఇప్పిస్తామని డబ్బు అడిగినవాళ్లకు పైసా ఇవ్వకండి.

ఆడిషన్ రోజు కళ్లజోడు మరవకండి. సాహిత్యం పెద్ద అక్షరాలతో, ఒక్కో పాట ఒక్కో కాగితం మీద, ఒకవైపే రాసుకోండి. కాగితం తిప్పిన చప్పుడు కూడా మైకులో పడుతుంది.