స్వీడన్ ఇండీ సంగీతం వెతికేవారికి ఒక చిట్కా

స్వీడన్ స్వతంత్ర రాక్, పాప్ సంగీతంలో కొత్త బ్యాండ్లను వెతికేవారు, యాప్ దానంతటదే అందించే పాటల వరుసను నమ్ముకోవడం కంటే, తమకు నచ్చిన ఆల్బమ్‌ను విడుదల చేసిన లేబుల్ (అంటే రికార్డింగ్ సంస్థ) పేరు పట్టుకుని ముందుకు వెళ్లడం మేలు. ఉదాహరణకు, లుండ్ నగరానికి చెందిన ద రేడియో డిపార్ట్‌మెంట్ 2003లో తెచ్చిన ‘లెస్సర్ మ్యాటర్స్’ మీకు నచ్చితే, దానిని విడుదల చేసిన లాబ్రడార్ అనే స్టాక్‌హోమ్ లేబుల్ జాబితా తీసి చూడండి. క్లబ్ 8, ఆసిడ్ హౌస్ కింగ్స్, సాంబాసడర్ అనే బ్యాండ్లు వరుసగా ఎదురవుతాయి. వీటిలో మొదటి రెండింటిలోనూ ఉన్న యోహాన్ ఆంగర్‌గార్డ్ ఆ లేబుల్‌ను నడిపిన మనిషే కాబట్టి, వాటి మధ్య పోలిక వినిపించడంలో వింతేమీ లేదు.

లేబుల్ దారి ముగిసిన చోట వాద్యకారుల పేర్లు పనికొస్తాయి. స్వీడిష్‌లోనే పాడే డుంగెన్ (ఇంగ్లిష్ పాటల దగ్గరే ఆగిపోయేవారికి ఈ బ్యాండ్ తగలదు, అది నిజంగా నష్టమే) ఆల్బమ్ వివరాల్లో గిటారిస్టు రైనె ఫిస్కె పేరు చూసి వెతికితే, ఆయన వాయించిన ది అమేజింగ్ అనే మరో బ్యాండ్ దొరుకుతుంది. పాటలు అమ్మే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్‌లోనైతే ఆల్బమ్ కొన్నవారి బొమ్మలు కూడా కనిపిస్తాయి. వాటిలో ఒకదానిపై నొక్కితే, ఆ శ్రోత కొన్న మిగతా ఆల్బమ్‌లన్నీ తెరుచుకుంటాయి.