డిసెంబరు 20 సాయంత్రం తెరవవలసిన నవల

ఆంగ్ల రచయిత్రి సూసన్ కూపర్ పిల్లల కోసం రాసిన మాంత్రిక నవల ‘ది డార్క్ ఈజ్ రైజింగ్’ 1973లో వెలువడింది. ఐదు పుస్తకాల వరుసలో ఇది రెండవదే అయినా, మొదటిది చదవనివారికి కూడా ఇబ్బంది కలగదు. ఇంగ్లండులోని థేమ్స్ లోయలో, ఏడవ కొడుకుకు ఏడవ కొడుకుగా పుట్టిన విల్ స్టాంటన్‌కు పదకొండేళ్లు నిండే ముందురోజున, అంటే డిసెంబరు 20న, కథ మొదలై క్రిస్మస్ పన్నెండు రోజుల పండుగతో పాటు జనవరి తొలివారంలో ముగుస్తుంది. అందుకే దీనిని కథలోని తేదీల వెంటే చదివే పాఠకులున్నారు. 2022లో బీబీసీ వరల్డ్ సర్వీస్ ఈ నవల ఆధారంగా చేసిన శ్రవ్య నాటకాన్ని కూడా డిసెంబరు 20నే ప్రారంభించింది. ధనుర్మాసంలో రోజుకొక తిరుప్పావై పాశురం వినిపించే ఇళ్లలో పెరిగినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

మొదటి అధ్యాయాన్ని చీకటి పడ్డాకే తెరవండి, సగంలో ఆపకండి. విల్‌ను చూసి పెంపుడు కుందేళ్లు బెదరడం, అతను పక్కనుంచి నడిస్తే రేడియో గరగరలాడడం, పక్షులు గుంపుగా ఒక దేశదిమ్మరి మీద పడడం వంటి చిన్న చిన్న సంగతులతోనే రచయిత్రి భయాన్ని పేరుస్తారు. పగటి వెలుగులో, పది పనుల మధ్య చదివితే అవి జారిపోతాయి. మర్నాడు విల్ పుట్టినరోజు, రెండవ అధ్యాయం ఆనాటిదే.

ఆ తరువాత పుటలను రోజులతో భాగించే లెక్క పెట్టుకోవద్దు. క్రిస్మస్ ముందురోజు పేరుతో ఒకటి, క్రిస్మస్ పేరుతో ఒకటి అధ్యాయాలున్నాయి కనుక వాటిని ఆ సాయంత్రాలకే దాచి, మధ్యలో ఖాళీ రోజులు వస్తే రానివ్వండి. పండుగ దాటాక చలి ముదిరి, మంచు కరిగి వరద వచ్చే భాగాన్ని రెండు మూడు విడతలుగా చదివి, చివరి అధ్యాయాన్ని జనవరి 5 రాత్రికి ఉంచుకోవచ్చు.

పిల్లలకు చదివి వినిపించేటట్లయితే పదేళ్లు దాటినవారికైతే మేలు, ఎందుకంటే ఇందులోని చెడు నవ్వించే రాక్షసుడి రూపంలో రాదు. విల్ వెతికి కూర్చవలసిన కొయ్య, కంచు, ఇనుము, నిప్పు, నీరు, రాయి అనే ఆరు చిహ్నాల పద్యం వచ్చినప్పుడల్లా దానిని వారిచేతనే చెప్పించండి. విల్ ఎత్తులు వేసి గెలిచే నాయకుడు కాడు, చాలాచోట్ల పెద్దలు చెప్పినట్లే నడుస్తాడు. నా దృష్టిలో నవలకు ప్రాణం పోసినది ఆ దేశదిమ్మరి గతమే, కాబట్టి ‘ది లెర్నింగ్’ అనే రెండవ భాగాన్ని తొందరపడకుండా చదవాలి. మూడవ భాగానికి ముందు విండ్సర్ అడవిలో తిరిగే కొమ్ముల వేటగాడు హెర్న్ గురించిన ఐతిహ్యాన్ని పిల్లలకు రెండు మాటల్లో చెప్పి ఉంచితే, అతను కథలోకి వచ్చినప్పుడు వివరణ కోసం ఆగనక్కరలేదు.