లండన్ ఎండ, అప్పుడూ ఇప్పుడూ: లెక్క తీసే పద్ధతి

లండన్ నుంచో లీడ్స్ నుంచో పిల్లలు ఫోన్ చేసి "32 డిగ్రీలు, ఉండలేకపోతున్నాం" అంటే బెజవాడలో నవ్వొస్తుంది. మేలో మనకు రాత్రిపూట 28కి దిగితేనే సంతోషం. ఆ పోలిక పక్కన పెట్టండి. అక్కడి ఇళ్లు వేడిని లోపల పట్టి ఉంచేలా కట్టినవి, ఏసీలు తక్కువ. చూడాల్సింది అక్కడి వేసవి అక్కడి పాత వేసవి కంటే ఎంత మారిందన్నది. ఎక్సెల్ వచ్చినవాళ్లు ఒక పూటలో తేల్చుకోవచ్చు.

ముందు పట్టిక ఎంచుకోవాలి. బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ ఉచితంగా ఇచ్చేవాటిలో రెండు ముఖ్యం. ఒకటి సెంట్రల్ ఇంగ్లండ్ టెంపరేచర్. లండన్, బ్రిస్టల్, లాంకషైర్ మధ్య ప్రాంతానికి 1659 నుంచి నెలవారీ సగటు ఇందులో ఉంటుంది. గోర్డన్ మాన్లీ అనే శాస్త్రవేత్త పాత డైరీలు, రికార్డులు వెతికి కూర్చిన వరుస ఇది. రెండోది యూకే మొత్తానిది, 1884 నుంచి.

ఈ రెంటినీ కలిపారా, లెక్క మొత్తం చెడుతుంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 1976 వేసవి సగటు మొదటి పట్టికలో సుమారు 17.8. 2025 వేసవి సగటు రెండో పట్టికలో 16.1. పక్కపక్కన పెడితే 1976 గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ రెండో పట్టికలో చలి ప్రాంతమైన స్కాట్లండ్ కూడా ఉంది. అదే పట్టికలో 1976 చూడండి: 15.7. యూకే రికార్డుల్లో అత్యంత వేడి వేసవి 2025దే.

ఇక లెక్క. మొదటి పట్టికలో తొలి నిలువు వరుస సంవత్సరం, తర్వాత జనవరి నుంచి నెలలు. అక్కడ వేసవి అంటే జూన్, జులై, ఆగస్టు. అంటే 7, 8, 9 నిలువు వరుసలు. చివర ఉండే ఏడాది సగటు జోలికి వెళ్లొద్దు. ఇంకా నమోదు కాని నెలకు మైనస్ 99.9 అని ఉంటుంది. దాన్ని తీసేయకపోతే ఈ ఏడాది ఇంగ్లండ్ గడ్డకట్టినట్టు వస్తుంది!

1976కి 17.0, 18.7, 17.6 కలిపితే 53.3, మూడుతో భాగిస్తే 17.8. పోలికకు తీసుకునే 1961–90 సగటుకు 14.1, 16.1, 15.8 కలిపితే 46, భాగిస్తే 15.3. తేడా సుమారు 2.4 డిగ్రీలు (53.3 నుంచి 46 తీసి మూడుతో భాగిస్తే). ఇలా ప్రతి ఏడాదికీ తేడా తీసి, పదేళ్ల సగటు గీత గీయండి. ఒక్క ఏడాదిని నమ్ముకోకూడదు. 1976 మండిపోయాక వచ్చిన 1977, 1978 వేసవులు చల్లగానే గడిచాయి. 1600ల నాటి అంకెలు ముతకవి, అర డిగ్రీ, ఒక డిగ్రీ లెక్కన రాసినవి. వాటి మీద పదో వంతు తేడాలు వాదించకండి.

గరిష్ఠాన్ని విడిగా చూడాలి. 1976లో అత్యధికం చెల్టెనమ్‌లో 35.9. 2022 జులై 19న కోనింగ్స్‌బీలో 40.3. అయినా ఆ రెండు వేసవుల యూకే సగటు దాదాపు ఒకటే. 2025లో గరిష్ఠం 35.8 దాటలేదు, సగటు మాత్రం అన్నిటినీ మించింది. పగటి మంటే కాదు, చల్లారని రాత్రులు కూడా సగటును పైకి లాగుతాయి. కాబట్టి గరిష్ఠం, కనిష్ఠం రెండూ వేర్వేరు గీతలుగా వేయండి.

వడగాడ్పు రోజులు లెక్కపెడితే కొలబద్ద చూసుకోండి. అక్కడ కౌంటీని (మన జిల్లాలాంటిది) బట్టి 25 నుంచి 28 డిగ్రీలు వరసగా మూడు రోజులు తాకితే హీట్‌వేవ్. మన వాతావరణ శాఖకు మైదానాల్లో కనీసం 40 ఉండాలి, పైగా మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ కావాలి. లేదా నేరుగా 45 తాకాలి.

ఇదే పద్ధతి మన ఊరికీ పనికొస్తుంది, నెలలు మాత్రం మార్చి, ఏప్రిల్, మే. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, ఆ కార్తె జూన్ మొదటి వారం దాకా సాగుతుంది గనుక ఆ రోజులకు ఇంకో వరుస పెట్టుకోండి. విజయవాడ అంకె గన్నవరం విమానాశ్రయం దగ్గర తీసింది. బెంజ్ సర్కిల్ దగ్గర బైక్ మీద మీకు తగిలే వేడి అందులో ఉండదు. కారు డాష్‌బోర్డు చూపే 47ని ఆ వరుసలో అస్సలు చేర్చకండి: థర్మామీటర్‌ను గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, నేరుగా ఎండ తగలకుండా ఉంచి చదివిన అంకెలవి.