బడి దారిని పిల్లలతోనే కొలిపించండి

కాలనీలో ఏం కావాలని పిల్లల్ని అడిగితే ఊయల, జారుడుబండ, స్విమ్మింగ్ పూల్ అంటారు. ఆ జాబితా పట్టుకుని మున్సిపాలిటీకి వెళ్తే పని జరగదు, వాళ్ల అసలు ఇబ్బందీ బయటపడదు. "నిన్న బడికి ఏ దారిన వచ్చావు? ఎక్కడ ఆగావు? ఎక్కడ పరిగెత్తావు?" అని అడగండి. పరిగెత్తిన చోటే చూడాల్సింది ఉంటుంది.

అలాంటి చోట్లను పిల్లలే నడిచి కొలిచి, బాగుచేయమని అర్జీ ఇవ్వడమే ఈ పని. బడి చుట్టూ అర కిలోమీటరు చాలు. నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా 12 మంది, అందులో సగం ఆడపిల్లలు. నడవడం కష్టమైన పిల్లలుంటే వాళ్లు తప్పకుండా ఉండాలి. నలుగురికి ఒక పెద్ద మనిషి తోడు. హెడ్‌మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు ముందే తీసుకోండి. ఆదివారం మాత్రం వద్దు. బడి వదిలే వేళ ఆటోలు, బస్సులు, బండ్లు ఒక్కసారిగా మీద పడతాయి. సెలవు రోజున ఆ రోడ్డు కనిపించదు.

మొదటి అరగంట తరగతి గదిలోనే. ఇంటి నుంచి బడికి దారిని ఎవరికి గుర్తున్నట్టు వాళ్లు గీయాలి. ఫోన్‌లో మ్యాపు చూపించకండి. కుక్కలుండే మలుపు, మూత లేని కాలువ, చింతచెట్టు నీడ ఏ మ్యాపులోనూ ఉండవు. తర్వాత నాలుగు చార్టులు అతికించి దారులన్నీ ఒకచోట గీయించి, భయమేసే చోట ఎర్ర బొట్టుబిళ్ల, ఇష్టమైన చోట పచ్చది పెట్టించండి. ఇళ్ల గుర్తులు, పేర్లు రాయనివ్వకండి.

నడకకు 5 మీటర్ల టేపు, స్టాప్‌వాచ్, అట్ట, పెన్సిల్ కావాలి. ఫుట్‌పాత్ కొలవడంలో అందరూ చేసే తప్పు గోడ నుంచి అంచు దాకా టేపు పెట్టడం. ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం, ఆపి ఉంచిన బండి పోగా నడవడానికి మిగిలిందే రాయాలి. రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. అంతకన్నా ఎత్తయితే చిన్నవాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడానికి అందరిలోకీ చిన్న పిల్లకు ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి రాయండి. సిగ్నల్ ఉంటే నడిచేవాళ్లకిచ్చే పచ్చలైటు సెకన్లూ పక్కనే రాయండి.

ఒక ఫోన్‌ని నేల నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుని ఫోటోలు తీయించండి. అది దాదాపు మూడేళ్ల బిడ్డ ఎత్తు. ఆ ఎత్తు నుంచి ఆగి ఉన్న కారు అవతల వచ్చే బండి కనిపించదు. అధికారులకు పది మాటల కన్నా ఈ ఫోటో త్వరగా అర్థమవుతుంది. పిల్లల ముఖాలు మాత్రం ఫోటోల్లో పడకూడదు.

తిరిగొచ్చాక మాట్లాడించడం మొదలుపెడితే పెద్ద మగపిల్లలే మాట్లాడతారు, పక్కనున్న టీచరు మిగతాది పూర్తి చేస్తారు. అందుకే ముందు చీటీలు, పేర్లు లేకుండా. కల్లు దుకాణం ముందు నుంచి వెళ్లాలంటే భయమని ఆడపిల్లలు నోటితో చెప్పరు, చీటీలో రాస్తారు. ఎవరైనా వేధింపు గురించి రాస్తే దాన్ని చార్టు మీదికి ఎక్కించకండి. వెంటనే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు చెప్పండి.

పిల్లలే ఓటేసి రెండు పనులు ఎంచుకోవాలి, అంతకు మించి వద్దు. పని ఎవరిదో తేల్చుకోకపోతే అర్జీ వెనక్కి వస్తుంది. కాలువ మూత, ఫుట్‌పాత్, వీధి దీపం మున్సిపాలిటీవి. ట్రాన్స్‌ఫార్మర్ కంచె విద్యుత్ పంపిణీ సంస్థది. బడి వదిలే వేళ బండ్లను ఆపడం ట్రాఫిక్ పోలీసులది. అర్జీ ఒక్క పేజీ: ఒక ఫోటో, ఒక కొలత, దగ్గరి కరెంటు స్తంభం నంబరు. సోమవారం తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ఇద్దరు పిల్లలు వెంట ఉండి, కొలత వాళ్లే చదివి చెప్పాలి.

30 రోజుల్లో జవాబు పిల్లలకు చేరాలి. "కుదరదు" అన్నా సరే, ఎందుకో చెప్పండి. చెప్పకపోతే రెండోసారి పిలిచినప్పుడు రారు. పని జరిగితే తొలి వానలు పడ్డాక అదే దారిన మళ్లీ నడిపించండి. వేసిన మూత నిలిచిందో లేదో అప్పుడే తెలుస్తుంది.