మోరోవిండ్‌ను ఈనాటి కంప్యూటర్‌లో తొలిసారి ఆడబోయేవారికి

బెథెస్డా సంస్థ 2002 మే నెలలో విడుదల చేసిన 'ది ఎల్డర్ స్క్రోల్స్ 3: మోరోవిండ్' ఈనాటికీ చక్కగా ఆడదగిన ఆట. అయితే కొత్తగా మొదలుపెట్టేవారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది యంత్రానిది: అప్పటి ఇంజన్ (ఆటను నడిపే ప్రోగ్రామ్) ఇప్పటి స్క్రీన్లకూ విండోస్‌కూ సరిగా ఇమడదు. రెండోది ఆటగాడి అలవాటుది: ఇప్పటి ఆటలు నేర్పిన పద్ధతిలో దీన్ని ఆడితే కత్తి తగలదు, దారి దొరకదు. మొదటి చిక్కు ఒక సాయంత్రంలో తీరిపోతుంది కనుక దాన్ని క్లుప్తంగా చెప్పి, రెండోదాని గురించి వివరంగా రాస్తాను.

ఆటను స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణాల్లో ఎక్కడైనా కొనవచ్చు. రెండు చోట్లా దొరికేది 'గేమ్ ఆఫ్ ది ఇయర్' ఎడిషన్. అందులో ట్రిబ్యునల్ (2002), బ్లడ్‌మూన్ (2003) అనే రెండు అనుబంధాలు కలిసే ఉంటాయి. కొన్న ఆటను ఇన్‌స్టాల్ చేసిన తరువాత 'ఓపెన్‌ఎండబ్ల్యూ' అనే ఉచిత ప్రోగ్రామ్‌ను దాని అధికారిక సైటు నుంచి దించుకోవాలి. ఔత్సాహికులు పాత ఇంజన్‌ను మొదటి నుంచీ మళ్లీ రాసి, కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచిన ప్రాజెక్టు ఇది. ఇది విండోస్‌తో పాటు లినక్స్, మ్యాక్ కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. ఇందులో ఉన్నది ఇంజన్ మాత్రమే కాబట్టి ఆటకు సంబంధించిన అసలు ఫైళ్లు మీ దగ్గర ఉండి తీరాలి. తొలిసారి తెరిచినప్పుడు వచ్చే విజార్డ్‌లో, ఆట ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉందని ఎంచుకుని, 'డేటా ఫైల్స్' ఫోల్డర్‌లోని మోరోవిండ్ ప్రధాన ఫైలును చూపిస్తే మిగతా పని అదే చూసుకుంటుంది. ఆ తరువాత లాంచర్‌లో మోరోవిండ్, ట్రిబ్యునల్, బ్లడ్‌మూన్ మూడింటికీ టిక్ పెట్టండి.

సెట్టింగ్స్‌లో అన్నిటికన్నా ముందు అక్షరాల పరిమాణం చూసుకోవాలి. ఈ ఆటలో మాటల్లో అధిక భాగం తెర మీద చదవవలసినవే కాబట్టి, అక్షరాలు చిన్నవిగా ఉంటే గంటలోపే కళ్లు అలసిపోతాయి. ఇంటర్‌ఫేస్ విభాగంలోని స్కేలింగ్ విలువను 1.5కో 2కో పెంచుకోండి. దూరపు నేల కనిపించే ఏర్పాటు కూడా సెట్టింగ్స్‌లోనే ఉంది గానీ దాన్ని మితంగానే వాడమని నా సలహా. చూపు మరీ దూరం సాగితే, పొగమంచు చాటున విశాలంగా తోచిన వార్డెన్‌ఫెల్ ద్వీపం (ఆట జరిగే చోటు) ఉన్నట్టుండి చిన్నదైపోయినట్టు కనిపిస్తుంది. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ అయితే నీడలను ఆపేయండి.

మోడ్‌ల విషయంలో, అంటే ఆటను మార్చేందుకు అభిమానులు తయారుచేసిన ఫైళ్ల విషయంలో, నిగ్రహం అవసరం. తొలిసారి ఆడేవారికి 'ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్' ఒక్కటి చాలు. అది ఆట తీరును మార్చకుండా తప్పులను మాత్రమే సరిదిద్దుతుంది. ఎమ్‌డబ్ల్యూఎస్ఈ అనే అదనపు ప్రోగ్రామ్ కావాలనే మోడ్‌లు పాత ఇంజన్ కోసం తయారైనవి కనుక ఓపెన్‌ఎండబ్ల్యూలో పనిచేయవు. వందల మోడ్‌ల జాబితాలు తలకెత్తుకుని, ఆట మొదలుకాకముందే వారాలు గడిపేవారున్నారు. అసలు రూపం తెలియకుండా దాన్ని మార్చబూనడం నాకు సబబుగా తోచదు.

ఇక ఆట సంగతి. తెర మీద ఎడమ మూలన మూడు గీతలు కనిపిస్తాయి: ఎరుపు ప్రాణం, నీలం మంత్రశక్తి, ఆకుపచ్చ దేహబలం (ఫెటీగ్). కొత్తవారు పట్టించుకోని ఆ ఆకుపచ్చ గీతే ఈ ఆటకు ఆయువుపట్టు. మోరోవిండ్‌లో కత్తి ఎదుటి ప్రాణి ఒంటిని తాకినట్టు కంటికి కనిపించినంత మాత్రాన దెబ్బ తగిలినట్టు కాదు. ప్రతి వేటుకూ ఆట లోలోపల ఒక లెక్క వేస్తుంది. ఆ ఆయుధంలో మీకున్న నైపుణ్యానికి చురుకుదనంలో అయిదో వంతును, అదృష్టంలో పదో వంతును కలిపి, వచ్చిన మొత్తాన్ని దేహబలాన్ని బట్టి గుణిస్తుంది. బలం నిండుగా ఉంటే ఆ గుణకం 1.25, పూర్తిగా అడుగంటితే 0.75.

ఒక ఉదాహరణతో ఇది తేటపడుతుంది. రెడ్‌గార్డ్ జాతి పాత్రను తీసుకుని, పోరాట ప్రధానమైన సొంత వృత్తిని రూపొందించి, పొడుగు కత్తిని ముఖ్య నైపుణ్యంగా ఎంచుకుంటే ఆ నైపుణ్యం 50 దగ్గర మొదలవుతుంది. చురుకుదనం 40, అదృష్టం 40 అనుకుంటే మొత్తం 62. దేహబలం నిండుగా ఉన్నప్పుడు వేటు తగిలే అవకాశం సుమారు 77 శాతం. పరుగెత్తి ఆయాసపడి ఉన్నప్పుడు 46 శాతానికి పడిపోతుంది. అదే పాత్ర ఆట ప్రారంభంలో బల్ల మీద దొరికే ఇనుప బాకును పట్టుకుంటే, పొట్టి కత్తి నైపుణ్యం 10 మాత్రమే కాబట్టి, నిండు బలంతో 27 శాతం, బలం లేనప్పుడు 16 శాతమే. ఎదుటి ప్రాణి తప్పించుకునే శక్తిని ఇందులోంచి ఇంకా తీసివేయాలి. ఊరి బయట ఒక పీతను పది సార్లు పొడిచినా చావలేదని విసుక్కునేవారి చేతిలో ఉండేది సాధారణంగా ఈ బాకే. కాబట్టి మీకు నైపుణ్యమున్న ఆయుధాన్నే పట్టండి. పోరుకు ముందు పరుగు ఆపి, నడుస్తూ దగ్గరికి వెళ్లండి. మీట నొక్కి పట్టుకుని, ఆయుధాన్ని పూర్తిగా వెనక్కి లాగి వదలండి. కదిలే దిక్కును బట్టి వేటు రకం మారుతుంది కాబట్టి, ఎప్పుడూ ఉత్తమమైన వేటునే వాడమనే ఐచ్ఛికాన్ని సెట్టింగ్స్‌లో ఎంచుకోండి. మంత్రాలు ఫలించడం కూడా ఇదే దేహబలం మీద ఆధారపడి ఉంటుంది. పైగా ఖర్చయిన మంత్రశక్తి దానంతట అది తిరిగి నిండదు, నిద్రపోవాలి లేదా మందు తాగాలి. అందుకే తొలి పాత్రగా మాంత్రికుణ్ణి నేను సూచించను. జన్మరాశుల్లో 'లేడీ' గానీ, నడక వేగాన్ని పెంచే 'స్టీడ్' గానీ మంచివి. నిద్రతో మంత్రశక్తి నిండనివ్వని 'అట్రొనాక్' జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

ఆట మొదలయ్యే సేడా నీన్ రేవులో అధికారి సెల్లస్ గ్రావియస్ మీకు 87 బంగారు నాణేలూ, బల్మోరా పట్టణంలోని కయస్ కొసాడెస్‌కు అందజేయవలసిన ఒక పొట్లమూ ఇస్తాడు. అతని దగ్గరికి వెళ్లే దారిలో, పెరటిలోని పీపాలో ఒక ఉంగరం ఉంటుంది. దాన్ని ఊళ్లో తిరిగే ఫార్గోత్‌కు తిరిగి ఇస్తే అతనికే కాక దుకాణదారుడు అరిల్‌కు కూడా మీ మీద సదభిప్రాయం పెరుగుతుంది. ఈ ఆటలో బేరసారాలు సాగేది ఆ అభిప్రాయాన్ని బట్టే. తరువాత సిల్ట్ స్ట్రైడర్ అనే మహాకాయపు పురుగు వీపునెక్కి బల్మోరాకు చేరవచ్చు. కొసాడెస్ ఇంటి జాడ సౌత్ వాల్ అనే మద్యశాలలో అడిగితే చెబుతారు. ఆయన 200 నాణేలు ఇచ్చి, ముందు కొంత అనుభవం సంపాదించుకుని రమ్మంటాడు. ఆ మాటను అక్షరాలా పాటించండి: యోధుల సంఘంలోనో మాంత్రికుల సంఘంలోనో చేరి, కొన్ని చిన్న పనులు చేసి, ఆ డబ్బుతో శిక్షకుల దగ్గర ముఖ్య నైపుణ్యాలను పెంచుకోండి.

ఎక్కడికి వెళ్లాలో చూపే బాణం గుర్తు ఈ ఆటలో ఉండదు. తెలియని ఊళ్లో దారి అడిగి గుర్తుపెట్టుకున్నట్టే ఇక్కడా చేయాలి. ఉదాహరణకు, ఆర్క్‌న్‌థాండ్ శిథిలాల నుంచి ఒక పెట్టె తెమ్మని బల్మోరా యోధుల సంఘంలోని హాస్ఫట్ ఆంటబోలిస్ అడిగినప్పుడు, ఒడై నది మీది వంతెన దాటి, మూన్‌మాత్ కోట పక్కగా ఎక్కి, ఫొయాడా మమేయా లోయ మీద ఉన్న డ్వెమర్ అనే అంతరించిన జాతి కట్టిన పురాతన వంతెనను దాటాలని దారి చెబుతాడు. ఆ మాటలన్నీ జర్నల్‌లో చేరతాయి. వాటిని ఒకటికి రెండుసార్లు చదివి, దారిపక్క బోర్డులు చూసుకుంటూ నడవండి. తీరా చేరాక శిథిలాల తలుపు ఎంత తోసినా తెరుచుకోదు. దగ్గరలోని గొట్టానికి అమర్చిన మరను తిప్పితేనే తెరుచుకుంటుంది. ఇలా దారిని సొంతంగా కనుక్కుని చేరడంలో ఉన్న తృప్తే ఈ ఆటను ఇన్నేళ్ల తరువాత కూడా ఆడమని చెప్పడానికి నాకున్న ప్రధాన కారణం. అందుకే ఇంటర్నెట్‌లో ఉన్న మ్యాపులను నిజంగా దిక్కుతోచనప్పుడు మాత్రమే తెరవమని కోరుతున్నాను.

తిరుగు ప్రయాణానికి మంత్రపు చుట్టలు (స్క్రోల్స్) కొన్ని సంచిలో ఉంచుకోండి. 'ఆల్మ్‌సివి ఇంటర్వెన్షన్' మిమ్మల్ని దగ్గరలోని ట్రిబ్యునల్ ఆలయానికి, 'డివైన్ ఇంటర్వెన్షన్' సామ్రాజ్యపు ఆరాధనా స్థలానికి చేరుస్తాయి.

ముఖ్య, ఉప నైపుణ్యాలు కలిపి పది మెట్లు పెరిగాక నిద్రపోతే మీ స్థాయి పెరుగుతుంది. అప్పుడు లభించే ప్రాణబలం ఆ సమయానికి మీ దార్ఢ్యంలో (ఎండ్యూరెన్స్) పదో వంతు. దార్ఢ్యాన్ని తరువాత పెంచుకున్నా గడిచిన స్థాయిల లోటు భర్తీ కాదు. కనుక తొలి స్థాయిల్లో దార్ఢ్యాన్నే ముందు పెంచండి.

ట్రిబ్యునల్ అనుబంధం ఉన్నందువల్ల తొలి రోజుల్లోనే, నిద్రలో ఉండగా మీ మీద హంతకుడొకడు దాడి చేయవచ్చు. అతన్ని ఎదుర్కోలేకపోతే పాత సేవ్‌కు వెళ్లి మరోచోట పడుకోండి, లేదా ఆ దాడులను వాయిదా వేసే చిన్న మోడ్‌ను వాడుకోండి. గెలిస్తే మాత్రం అతని కవచం మంచి ధర పలుకుతుంది. కావలి భటుణ్ణి అడిగితే ఆ కథ మిమ్మల్ని ఎబన్‌హార్ట్‌కు, అక్కడి నుంచి మోర్న్‌హోల్డ్ నగరానికి తీసుకుపోతుంది. మోర్న్‌హోల్డ్ గానీ, ఖూల్ నుంచి పడవలో వెళ్లే సోల్‌స్థైమ్ మంచుదీవి గానీ బలం పుంజుకున్న పాత్రల కోసం తీర్చిదిద్దినవి. వార్డెన్‌ఫెల్‌లో ప్రధాన కథ ముగిసేదాకా ఆ రెండింటినీ పక్కన ఉంచండి.