సిస్టమ్స్ ఇంజనీరు నుంచి టెక్నాలజీ అధిపతి వరకు: తిరుపతి, చిత్తూరు యువతీయువకుల కోసం

జూన్ నెలలో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి నిలబడతాయి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో అలాంటి ఒక ఫ్యాక్టరీలో నేను సిస్టమ్స్ ఇంజనీరుగా పనిచేశాను. ఒక శనివారం రాత్రి సర్వర్‌లోని డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాను. ఆదివారం తెల్లవారేసరికి గేటు పక్కన కాటా గదిలో ఉన్న కంప్యూటరుకూ సర్వరుకూ సంబంధం తెగిపోయింది. కాటా బరువు చూపిస్తూనే ఉంది, చీటీ మాత్రం రావడం లేదు. చీటీ లేనిదే బండిని లోపలికి వదలరు. ఐదు గంటలు తల వంచుకుని వెతికి తప్పు ఎక్కడుందో పట్టుకున్నాను. ఆ మధ్యలో ఒక పెద్దాయన గుమ్మం దగ్గరికి వచ్చి, “నీ మిషన్ సంగతి నాకు తెలీదు నాయనా, నా కాయ ఎండలో ఉండాది” అన్నారు. సాయంత్రం మేనేజరు గారు నన్ను పిలిచారు. తప్పు ఎలా సరిదిద్దావని ఆయన అడగలేదు. ఎన్ని బండ్లు ఆగాయి, ఎంత కాయ మెత్తబడింది, కంపెనీకీ రైతుకూ కలిపి నష్టమెంత అని అడిగారు. ఆ మూడింటిలో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

పెద్ద కంపెనీల్లో టెక్నాలజీ అధిపతులుగా ఎదగడం ఎలాగని ఇప్పుడు నన్ను అడిగే పిల్లలకు ఆ మూడు ప్రశ్నల నుంచే చెప్పడం మొదలుపెడతాను. వ్యవస్థ నడుస్తోందా లేదా అన్నది ఇంజనీరు చూసుకుంటారు. అది ఆగితే ఎవరికి ఎంత కష్టం వస్తుందో ముందే లెక్కగట్టి, అందుకు తగిన ఏర్పాటు చేయించడం అధిపతి పని. ఈ మార్పు పదోన్నతి ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున జరిగేది కాదు కాబట్టి, ఉత్తర్వు రావడానికి కొన్నేళ్ల ముందు నుంచే దాన్ని అలవాటు చేసుకోవాలి.

పదవుల పేర్లు, వాటి వెనుక పనులు

సంస్థ తన రోజువారీ పని నడుపుకోవడానికి వాడే వ్యవస్థలన్నీ, అంటే జీతాలు, కొనుగోళ్లు, స్టాకు, ఖాతాలు, చివరికి కాటా చీటీ కూడా, సీఐఓ (చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్) బాధ్యత. సంస్థ బయటికి అమ్మే సరుకులో ఉన్న సాంకేతికతను సాధారణంగా సీటీఓ (చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్) చూస్తారు. బ్యాటరీలు తయారుచేసే కంపెనీని ఉదాహరణగా తీసుకుంటే, రాబోయే ఐదేళ్లలో ఏ రకం సెల్ వైపు వెళ్లాలో ఆలోచించేది సీటీఓ. ఏ డీలరు గోదాములో ఎన్ని బ్యాటరీలు మిగిలాయో గడియలో చెప్పగలిగే వ్యవస్థను నిలబెట్టేది సీఐఓ. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వీపీ (వైస్ ప్రెసిడెంట్) ఇంజనీరింగ్ అనే పదవి కూడా ఉంటుంది. మనుషులను చేర్చుకోవడం, ఒప్పుకున్న సమయానికి పని బయటికి పంపడం వారి పని. సమాచార భద్రతకు చీఫ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఆఫీసరు, అంటే సీఐఎస్‌ఓ ఉంటారు. మధ్యతరహా ఫ్యాక్టరీల్లో ఈ నాలుగు బరువులూ ‘ఐటీ హెడ్’ అనే ఒక్కరి భుజాల మీదే ఉంటాయి.

బ్యాంకుల్లో మాత్రం అలా కుదరదు. రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో ఇచ్చిన ఐటీ పాలన ఆదేశాలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం సమాచార భద్రతాధికారి ఐటీ అధిపతికి నేరుగా లోబడి పనిచేయకూడదు, ఆ భద్రతాధికారికి వ్యాపార లక్ష్యాలూ అప్పగించకూడదు. పని త్వరగా ముగియాలని తొందరపడేవారి కింద, ఆగమని చెప్పవలసిన మనిషిని కూర్చోబెడితే ఆ మాట గది దాటి బయటికి రాదు. మీరు వెళ్లే సంస్థ బ్యాంకు కాకపోయినా ఈ ఏర్పాటు ఎలా ఉందో గమనించండి. అక్కడ టెక్నాలజీకి ఇచ్చే విలువ సగం అందులోనే తెలిసిపోతుంది.

మొదటి పదేళ్లు

తొలి నాలుగైదేళ్లు ఒక్క విషయంలో లోతుగా దిగడానికి కేటాయించాలి. అది డేటాబేస్ కావచ్చు, నెట్‌వర్క్ కావచ్చు, ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ కావచ్చు. అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ముందుగా మీకే ఫోను చేయాలని మిగిలినవారికి తోచాలి. రాత్రి డ్యూటీలు తప్పించుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే వ్యవస్థ ఎక్కడ బలహీనంగా ఉందో పగటి సమావేశాల్లో కంటే రాత్రి రెండు గంటలకే బాగా కనిపిస్తుంది.

ప్రతి వైఫల్యం తర్వాత రెండు రోజుల్లోగా, ఎవరూ అడగకపోయినా, ఒక నివేదిక రాయండి. ఏ సమయానికి ఏం జరిగింది, కారణమేమిటి, మళ్లీ జరగకుండా ఏం మార్చారు అనేవి అందరూ రాస్తారు. మీరు ఇంకొక వరుస చేర్చండి: ఎవరి పని ఎంతసేపు ఆగింది, దాని విలువ ఎంత. ఆ అంకె కోసం మీరు ఖాతాల విభాగానికో, స్టోర్స్‌కో, గేటుకో వెళ్లక తప్పదు. ఆ పరిచయాలే తర్వాత మీకు అండగా నిలుస్తాయి.

ఏడెనిమిదేళ్లు గడిచేసరికి దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఆర్కిటెక్ట్ (వ్యవస్థల రూపకర్త), ప్రిన్సిపల్ ఇంజనీరు వంటి సాంకేతిక పదవుల వైపు వెళ్తుంది. రెండవది మనుషులను నడిపించే వైపు వెళ్తుంది. మన ఇళ్లలో “ఇంకా మేనేజరు కాలేదా?” అనే ప్రశ్న పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ వినిపిస్తూనే ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబుగా మాత్రం టీమును తీసుకోవద్దు. కొత్తగా చేరిన ఇద్దరు ట్రైనీల బాధ్యత ఆరు నెలలు తీసుకుని చూడండి. మీరు గంటలో చేయగలిగిన పనిని వారు రెండు రోజులు తడబడుతూ చేస్తుంటే పక్కన ఓపిగ్గా కూర్చోగలిగారా, వారికి పేరు వచ్చినప్పుడు మనస్ఫూర్తిగా సంతోషించారా అన్నది మీకే తెలుస్తుంది. లేదనిపిస్తే సాంకేతిక దారిలోనే పైకి వెళ్లవచ్చు. చాలా కంపెనీల్లో సీటీఓలు ఆ దారి నుంచి వచ్చినవారే.

ఒక్క పేజీ నిర్ణయ పత్రం

పై పదవులకు మిమ్మల్ని సిద్ధం చేసే సాధన ఒక్కటే చెప్పమంటే, నిర్ణయ పత్రం రాయడం నేర్చుకోమంటాను. మన ప్రాంతం నుంచి వచ్చే ఇంజనీర్లలో తెలివికి కొదవ లేదు. అయితే “ఇది చేద్దాం, ఇంత ఖర్చవుతుంది, తేడా వస్తే బాధ్యత నాది” అని కాగితం మీద పెట్టడానికి చాలామంది జంకుతారు. నేనూ చాలా ఏళ్లు జంకాను.

ఫ్యాక్టరీకి రెండో ఇంటర్నెట్ లైను కావాలని మీరు అనుకున్నారు. “ప్రస్తుత లైను నమ్మదగినది కాదు, కాబట్టి రెండో లైను మంజూరు చేయగలరు” అని రాస్తే ఆ కాగితం ఫైల్లోనే నిద్రపోతుంది. ఇలా రాసి చూడండి: “సీజనులో గంటకు 15 బండ్లు కాటా ఎక్కుతాయి. బండికి 4 టన్నుల చొప్పున గంటకు 60 టన్నుల కాయ వస్తుంది. లైను రెండు గంటలు తెగితే 120 టన్నులు గేటు బయట ఆగుతాయి. రెండో లైనుకు సంవత్సరానికి అయ్యే ఖర్చు ఇది. లైను లేకుండానే కాటా గదిలో చీటీలు దాచుకుని, తర్వాత సర్వరుకు పంపే పద్ధతి పెట్టుకుంటే అయ్యే ఖర్చు ఇది. ఏమీ చేయకపోతే గత ఏడాది జరిగినట్టు జరగవచ్చు. నా సూచన చీటీలు దాచుకునే పద్ధతి.” ఇందులో మూడు దారులు ఉన్నాయి, ఊరికే ఉండటం కూడా వాటిలో ఒకటి, రాసినవారి మొగ్గు ఎటో దాచలేదు. నిర్ణయం తప్పని తేలితే వెనక్కి రావడానికి ఎంత ఖర్చు, ఎన్ని రోజులు పడుతుందో కూడా ఒక వాక్యంలో చేర్చాలి. సులభంగా వెనక్కి తీసుకోగల నిర్ణయాలకు నెలల తరబడి సమావేశాలు పెట్టడం, తీసుకోలేని వాటిని పది నిమిషాల్లో ఒప్పేసుకోవడం నేను చూసిన పెద్ద పొరపాట్లు.

మేనేజింగ్ డైరెక్టరు ఈ కాగితాన్ని బహుశా కారులో, ఫోనులో చదువుతారు. అందువల్ల పై నమూనాలో చివర ఉన్న సూచనను ముందుకు తెచ్చి, మొదటి నాలుగు వాక్యాల్లోనే విషయం, అయ్యే ఖర్చు, మీ సూచన వచ్చేలా రాయాలి.

ఇంగ్లీషు గురించి బెంగపడే పిల్లలకు ఒక మాట. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు సమావేశాల్లో వెనుక కుర్చీ వెతుక్కోవడం నేను ఇప్పటికీ చూస్తున్నాను, చూసినప్పుడల్లా నొచ్చుకుంటాను. మీ ప్రతిపాదనను ముందు తెలుగులో, కాటా గుమస్తాకు అర్థమయ్యేలా మూడు వాక్యాల్లో చెప్పి చూడండి. ఆయన తిరిగి ఒక మంచి ప్రశ్న వేశారంటే విషయం మీకు స్పష్టంగా ఉన్నట్టే, దాన్ని సాదా ఇంగ్లీషులో బోర్డుకు చెప్పడం కొద్ది వారాల సాధనతో వస్తుంది. ఇక్కడే తడబడితే ఆ లోపం భాషది కాదని గుర్తించి, లెక్కలు మళ్లీ చూసుకోవాలి.

డబ్బు లెక్క, పక్క విభాగాలు

మూలధన వ్యయానికీ నిర్వహణ వ్యయానికీ తేడా, తరుగుదల, లాభనష్టాల పట్టిక చదవడం ఖాతాల విభాగంలో ఒక స్నేహితుడు ఉంటే నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. సొంతంగా కొన్న సర్వరు ఖర్చు తరుగుదల రూపంలో కొన్నేళ్ల పాటు విస్తరిస్తుంది. ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే సర్వర్ల బిల్లు, అంటే క్లౌడ్ బిల్లు, ప్రతినెలా నేరుగా ఖర్చులోకి వస్తుంది. ఈ ఒక్క తేడా తెలియక ఫైనాన్స్ అధికారితో ఏళ్ల తరబడి వాదులాడుకునే ఐటీ హెడ్‌లు ఉన్నారు.

అంతకంటే కష్టమైనది విభాగం మారడం. తెలుగువారిలో ఈ దారిన పై మెట్టుకు చేరినవారిని చూడండి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో ఇంజనీరుగా చేరి, ఉద్యోగం చేస్తూనే షికాగోలో ఎంబీఏ చదివి 1997లో పూర్తిచేశారు. సెర్చ్, సర్వర్లు, క్లౌడ్ విభాగాల బాధ్యతలు ఒకదాని తర్వాత ఒకటి చూసి 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యారు. శంతను నారాయణ్ 1998లో అడోబిలో ఉత్పత్తుల అభివృద్ధి బాధ్యతతో చేరి, 2005లో సీఓఓ (చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్), 2007లో సీఈఓ అయ్యారు. పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన అరవింద్ కృష్ణ 1990లో ఐబీఎంలో పరిశోధకుడిగా అడుగుపెట్టి 2020 ఏప్రిల్‌లో దాని సీఈఓ అయ్యారు. అంతకు ముందు 3,400 కోట్ల డాలర్లతో సాఫ్ట్‌వేర్ కంపెనీ రెడ్ హ్యాట్‌ను కొనే వ్యవహారంలో ఆయనది ముఖ్యపాత్ర. సీఈఓ అయ్యేలోపు నాదెళ్ల ఇరవై రెండేళ్లు, కృష్ణ ముప్ఫై ఏళ్లు ఒకే గొడుగు కింద ఉన్నారు కానీ ఒకే కుర్చీలో కూర్చోలేదు. రెండేళ్లకోసారి కంపెనీ మారడమే ఎదుగుదల అనుకునేవారు ఈ సంగతి నిదానంగా ఆలోచించాలి. అమ్మకాల్లోనో, ఫ్యాక్టరీ నిర్వహణలోనో ఏడాదిన్నర పనిచేసే అవకాశం వస్తే, జీతం పెరగకపోయినా తీసుకోమనే నా సలహా.

చట్టం తెలియకపోతే కుదరదు

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి వంటి ఘటనలను గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి, కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదు చేసే సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఈ రెండింటినీ న్యాయ విభాగానికి వదిలేయకుండా మీరే చదవాలి, ఎందుకంటే ఆ 6 గంటలు మొదలయ్యేసరికి ఫోను మోగేది మీ దగ్గరే.

చట్టం పాటించడంతోనే సరిపోదు, వ్యవస్థ ఆగిన రోజున పని నడిపే దారి కూడా ఉండాలి. 2024 జులై 19న కంప్యూటర్ భద్రతా సాఫ్ట్‌వేర్ అందించే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ చిత్రం చూసి చాలామంది నవ్వుకున్నారు, నాకు మాత్రం ఆ సిబ్బంది మీద గౌరవం కలిగింది. కంప్యూటరు లేకపోయినా ప్రయాణికుణ్ణి విమానం ఎక్కించడం వారికి తెలుసు.

ఊరు వదలాలా?

తిరుపతిలో 1959 నుంచీ ఎస్వీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, 2015లో ఐఐటీ వచ్చింది, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది. అయినా చదువు పూర్తికాగానే రాత్రి బస్సెక్కి బెంగళూరుకో చెన్నైకో వెళ్లడమే మన ఆనవాయితీ. లోతైన సాంకేతిక అనుభవం కోసం అయిదారేళ్లు వెళ్లడం మంచిదే. కానీ శ్రీసిటీ, రేణిగుంట, కరకంబాడి, చిత్తూరు చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో ఐటీ బాధ్యత తీసుకునే ముప్ఫై ఏళ్ల మనిషికి గేటు, స్టోర్స్, జీతాలు, ఆడిట్ అన్నీ ఒకేసారి చేతికి వస్తాయి. మహానగరంలో అంత విస్తృతి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. ఇక్కడ పక్కన చేయి పట్టి నేర్పే పెద్ద ఇంజనీరు ఉండరు కాబట్టి, వెళ్లి నేర్చుకుని తిరిగి రావడం నాకు మేలైన వరుసగా తోస్తుంది.

పదవి చేతికి వస్తున్నప్పుడు

ఒప్పుకునే ముందు నాలుగు విషయాలు అడగండి. నేను ఎవరికి జవాబు చెప్పాలి? బడ్జెట్‌లో నా సంతకంతో ఖర్చు పెట్టగలిగేది ఎంత? గత రెండేళ్ల ఆడిట్ అభ్యంతరాలు చూపిస్తారా? ఒక వ్యవస్థను ఆపేయమని చెప్పే అధికారం నాకుందా? చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, పదవి పేరు ఎంత పెద్దదైనా తొందరపడవద్దు.

చేరిన మొదటి వారంలో కొత్త సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడకండి. గేటు దగ్గరికి, స్టోర్స్‌కి, ఖాతాల గదికి నడిచి వెళ్లి, కంప్యూటరు ఆగిన రోజున మీరేం చేస్తారండీ అని అక్కడివారిని అడిగి, వారు చెప్పింది రాసుకోండి. మా ఫ్యాక్టరీలో చీటీలు ఆగిన మర్నాడు స్టోర్‌కీపరు గారు నన్ను పిలిచి తన బీరువా తెరిచి చూపించారు. కార్బను కాగితాలతో సహా పాత రసీదు పుస్తకాలు కట్టలుగా అక్కడే ఉన్నాయి. కాటా బరువు చూపిస్తూనే ఉంది కదా, చీటీలు చేత్తో రాసిచ్చినా బండ్లు కదిలేవి. “నన్నెవరూ అడగలేదు సార్” అన్నారాయన. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి చోటా, సీజను మొదలయ్యే ముందు మార్చి నెలలో, ఒక పూట కంప్యూటర్లు ఆపించి చేతిరాత చీటీలతో పని నడిపించి చూశాను.